బొమ్మ నుంచి అక్షరానికి

రాజమహేంద్రవరం కందుకూరి వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్రము ఇవాళ ఫోన్లోకి ఉచితంగా దిగుతుంది. దిగింది స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే కష్టం అక్కడే మొదలవుతుంది. ఆరంగుళాల తెరలో పేజీ మొత్తం ఇమిడి, అక్షరం ఆవగింజంత అవుతుంది. పెద్దది చేస్తే లైను చివర తెర దాటిపోతుంది. అరవై దాటిన కళ్లు ఎంతసేపు ఓర్చుకుంటాయి?

ఈపబ్ అనే ఈ-పుస్తకపు ఫైలయితే తెరను బట్టి అక్షరం సర్దుకుంటుంది. పీడీఎఫ్‌ను ఈపబ్‌గా మార్చడానికి కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కానీ మీట నొక్కే ముందు ఫైలు లోపల ఏముందో చూడాలి. తెలుగు పుస్తకానికి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే.

రాజ్ రెడ్డి చొరవతో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మన పాత పుస్తకాలను పెద్ద ఎత్తున స్కాన్ చేయించింది. అది మహోపకారం. అయితే అక్కడ ప్రతి పేజీ ఒక ఫొటో. ఈపబ్‌లో పెట్టినా ఫొటోగానే ఉంటుంది. డీటీపీ కాలంలో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాలది ఇంకో చిక్కు. పైకి చక్కటి తెలుగు, లోపల ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. నేరుగా మారిస్తే అర్థంలేని రాత వస్తుంది. ముందు యూనికోడ్‌లోకి తెచ్చి, దిద్ది, ఆ తరవాతే ఈపబ్ చేయాలి. యూనికోడ్‌లో ఉన్న పీడీఎఫ్‌లోంచి తీసినా ఒత్తులు చెదిరిపోవచ్చు. రచయిత దగ్గర అసలు వర్డ్ ఫైలు ఉంటే దాన్నే అడగండి.

ఇక పరికరాలు. పది అంగుళాల ట్యాబ్ ఉంటే స్కాన్‌ను అలాగే చదువుకోవచ్చు, మార్చే శ్రమ అనవసరం. ఫోనుకీ, కోబో అనే ఈ-రీడరుకీ ఈపబ్. కిండిల్‌కి కూడా ఇప్పుడు ఈపబ్‌నే పంపాలి, అమెజానే మార్చుకుంటుంది. మోబీ అనే పాత రకం ఫైలుకు కాలం చెల్లింది. 2016లో కిండిల్ అయిదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు అందులో తెలుగు లేదు. అందుకే ముందు ఒక్క అధ్యాయం పంపి 'స్త్రీ', 'లక్ష్మి' సరిగ్గా కనబడుతున్నాయో లేదో చూడండి. చెదిరితే మండలి వంటి ఉచిత ఫాంటుతో, ఆ తెర కొలతకే, పెద్ద అక్షరాల పీడీఎఫ్ చేసుకోవడం మేలు.

ఈ మార్పిళ్లన్నీ ఒకసారి టైపయిన పుస్తకానికే. స్కాన్‌గానే ఉన్నదాన్ని ముందు ఎవరో అక్షరాల్లోకి తేవాలి. కథకులు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి పుస్తకాలే తీసుకోండి. ఆయన 1961లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు అరవై ఏళ్లు నిండాక, అంటే 2022 జనవరి నుంచి, ఆయన రచనలు అందరివీ. తెలుగు వికీసోర్స్‌లో స్కాన్ పేజీ పక్కనే పాఠం దిద్దవచ్చు. పూర్తయిన పుస్తకం ఈపబ్‌గా దిగుతుంది. బొమ్మలోంచి అక్షరాలు గుర్తించే యంత్రం 'మ'ను 'వు'గా, 'థ'ను 'ధ'గా పొరబడుతుంది, అరసున్నను మింగేస్తుంది. నిఘంటువులో ఉన్న మాటనైతే ఎవరైనా దిద్దగలరు. శ్రీపాద పాత్రల నోటి మాటను అనుమానం లేకుండా దిద్దగలిగేది ఆ పలుకుబడి ఇంట్లో విన్నవాళ్లు. కోనసీమలో, రాజమండ్రిలో, భీమవరంలో ఆ పెద్దలు ఇంకా ఉన్నారు. టైపింగు మనవలు చేసినా, పేజీ చదివి తప్పు చూపించాల్సింది వాళ్లే.