వాసములు లెక్కింపవలసిన యిల్లు

తిన్నయింటి వాసములు లెక్కించుట ద్రోహమని మన సామెత. కాని పాత పెంకుటింట కాపురముండువారికి, అట్టి యింట బడి నడపువారికి, ఏటేట వాసములు లెక్కించుట విధి. గోదావరి జిల్లాల మండువా యిండ్లలో తరతరములుగా బరువు మోయుచున్న దూలములెన్నో నేటికిని కలవు. వానిపై పగులు కనబడగానే కొందరు బెదరి యిల్లు పడగొట్టింతురు. కొందరు సున్నము పూసి మరతురు. రెండును పొరపాటే.

పగులన్నంతనే ప్రమాదము కాదు. కలప ఆరునపుడు పొడవున కుదించుకొనుట అత్యల్పము, అడ్డమున ఎక్కువ. అందును మాను వలయముల వెంబడి కలుగు కుదింపు, నడిమినుండి అంచువైపు కలుగు కుదింపునకు ఇంచుమించు రెట్టింపు. ఈ తేడావలననే దూలము పొర వెంబడి బీటవారును. ఇట్టి బీట లోపల దుమ్ము పట్టి నల్లబడియున్నచో అది పాతది. పెరగకున్న సాధారణముగా హాని లేదు.

జాగ్రత్తపడవలసిన చోట్లు మూడు. మొదటిది, పొరను కోసికొని అడ్డముగనో ఏటవాలుగనో పోవు పగులు. వంగిన దూలమునకు అడుగుభాగము సాగును గనుక, నడుమ అడుగున అది మిక్కిలి ప్రమాదకరము. రెండవది, దూలమును ఈ కొననుండి ఆ కొనవరకు పైసగము, క్రిందిసగముగా చీల్చు పగులు. అప్పుడు బలము సగమగును; వంగుటయో నాలుగింతలగును. విడికాగితముల దొంతర సులువుగా వంగును, వానినే జిగురుతో అంటించిన అట్ట వంగదు. ఉపాధ్యాయులు తరగతిలో ఈ పరీక్ష చేసి చూపవచ్చును. మూడవది, గోడలో దిగిన కొన. చెమ్మ, చెదలు అచటనే చేరును. స్క్రూడ్రైవరుతో పొడిచిన మెత్తగా దిగినను, సుత్తితో తట్టిన బోలుగా మ్రోగినను లోపల పాడైనదని గ్రహింపవలెను.

పగులు రెండు కొనలను పెన్సిలుతో గుర్తించి తేదీ వ్రాయుడు. దూలము క్రింద ఈ గోడనుండి ఆ గోడకు దారము బిగించి, నడుమ వంపు కొలువుడు. వానలు వెలిసిన తరువాత మరల చూడుడు. పగులు గుర్తు దాటినను, వంపు పెరిగినను, చప్పుడు వినబడినను ముందు ఆ గది ఖాళీ చేయుడు. పిమ్మట ఇంజనీరును పిలువుడు.

మరమ్మతునకు తొలిమెట్టు దూలము కాదు, పైకప్పు. పగిలిన పెంకు మార్చి నీటిని ఆపనిచో తక్కిన శ్రమ వ్యర్థము. తరువాత దూలము క్రింద గట్టి గుంజ ఆనించి బరువు తప్పింపవలెను. వంగిన దూలమును ఒక్కమారుగా పైకెత్తరాదు. పగులునకు ఇరువైపుల చాలదూరము సాగునట్లు, ఆరిన గట్టి పలకలను రెండు ప్రక్కల చేర్చి బోల్టులతో బిగింపవలెను. కుళ్లిన కొనను మంచి కలప తగులువరకు కోసి క్రొత్తముక్క అతికి, గోడలో గాలి ఆడునట్లు సందు విడువవలెను. పగులులో సిమెంటు కూరుట తగదు. అది బలమీయదు, చెమ్మను నిలుపును, పగులు పెరుగుటను మన కంటికి దాచును.

మంచి కలపదూలమును తీసివైచుట సులభము. అట్టిది మరల దొరకుట కష్టము. చూచి తెలిసికొన్నవాడు తీసివేయవలసినదేదో, నిలుపవలసినదేదో నిర్ణయింపగలడు.