ఉదకర్బనము – పేరును, దాని పూర్వచరిత్రయు

నీరు నిలిచిన వరిమడిలో కాలు మోపగానే బురదనుండి బుడగలు లేచుట మన రైతులందఱును చూచినదే. ఆ బుడగలలో ముఖ్యమగు వాయువు మీథేను. ఉదకర్బనములను పెద్ద కుటుంబములో మిక్కిలి చిన్నది యిదియే. పెట్రోలు, కిరసనాయిలు, వంటగ్యాసు అన్నియు ఆ కుటుంబములోనివే గావున ఈ మాట అర్థమును, వెనుకటి వాడుకను కొంత వివరింపదలచితిమి.

ఉదజని యనగా నీటిని పుట్టించునది. ఫ్రాన్సు దేశపు లవోజియే మున్నగువారు గ్రీకునుండి కూర్చిన హైడ్రోజను అను పేరునకు ఇది సరియైన తెలుగు. కర్బనము బొగ్గునకు మూలద్రవ్యము. ఈ రెండు మాత్రమే కూడిన పదార్థము ఉదకర్బనము. 'మాత్రమే' యనుట ముఖ్యము. బియ్యములోని పిండి, చెఱకులోని చక్కెర కార్బోహైడ్రేటులు. పేరు తలక్రిందు చేసినట్లు తోచును గాని వానిలో ప్రాణవాయువు కూడ కలదు.

పూర్వము ఈ వాయువులను పుట్టినచోటునుబట్టి పిలిచెడివారు. 1776లో వోల్టా యను ఇటలీ పండితుడు మజ్జోరే సరస్సు ఒడ్డున బురదను కదిపి, లేచిన బుడగలను సీసాలో పట్టి మండించి చూచెను. అది చిత్తడినేల వాయువు. ఇంగ్లండు బొగ్గుగనులలోని దానికి 'ఫైర్ డాంప్' అని వేఱు పేరు. 1812లో ఫెల్లింగు గనిలో ప్రేలుడు జరిగి 92 మంది మరణించిరి. 1815లో డేవీ ఆ గనివాయువును పరీక్షించి, రెండును ఒక్కటేయని చూపి, సన్నని తీగెవల చుట్టిన రక్షణదీపమును కల్పించెను. మన పేడతొట్టి గ్యాసులోను సగమునకు మించి ఇదియే. గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్ల వఱకు కలిసినపుడు నిప్పు తగిలిన ప్రేలును. తొట్టిలోనికి దీపముతో తొంగిచూచుట ఎంత సాహసమో యోచింపుడు!

పిమ్మట కూర్పునుబట్టి పేర్లు వచ్చినవి. మీథేను 'తేలికయగు కర్బనయుక్త ఉదజని', ఎథిలీను 'బరువగు కర్బనయుక్త ఉదజని' అయినవి. 1825లో ఫారడే కనుగొన్న బెంజీనునకు 'రెండుపాళ్ల కర్బనము గల ఉదజని' అను అర్థమిచ్చు పేరు పెట్టెను. కర్బన పరమాణుభారము 12 కాగా, అప్పుడు 6గా లెక్కించుటచే ఆ పేరు నిలువలేదు. 1866లో హాఫ్‌మన్ సూచించిన మీథేను, ఈథేను వంటి పేర్లు 1892 నాటి జెనీవా సభతో స్థిరపడినవి.

ఆ పాత 'బరువగు' వాయువే నేడు పండ్లను మాగబెట్టు ఎథిలీను. కాయలు తమంతట తామును దీనిని పుట్టించుకొనును. కార్బైడునకు నీరు తగిలిన వచ్చు ఎసిటిలీనును ఉదకర్బనమే. కాని కార్బైడు గ్యాసుతో మాగబెట్టుట 2011 నాటి ఆహార నిబంధనలచే నిషిద్ధము, బజారు కార్బైడులో ఆర్సెనిక్కు, భాస్వరముల మాలిన్యముండును గనుక. వర్తకుడు 'గ్యాసు పెట్టితిమి' అన్నపుడు ఏ గ్యాసని సభ్యులు తప్పక అడుగవలెను. ఎథిలీనునైనను గది గాలిలో పదిలక్షల పాళ్లకు 100 పాళ్లు మించనీయరాదు.