అంచుల్లేని చదరంగం

మా వీధి పిల్లలకు చదరంగం నేర్పుతుంటాను. చివర లేని బల్ల మీద ఆడదామని గళ్ళ కాగితాలు అతికించుకుంటూ పోతే మొదట పరువు పోయేది మంత్రికే. 64 గళ్ళలో రాజూ మంత్రీ కలిసి ఒంటరి రాజును అంచుకు తోసి ఆట కట్టిస్తారు. అంచే లేనప్పుడు అది కుదరదు. మంత్రి ఎదురుగా వచ్చి నిలబడ్డా వెనక రెండు మూలగళ్ళు ఖాళీగానే ఉంటాయి, రాజు అటు జారుకుంటాడు. రెండు ఏనుగులతో వరస వెంట వరస తరిమే కిటుకూ అంతే, తరమడమే మిగులుతుంది. చివరి వరస లేదు కనుక బంటుకు పదోన్నతీ లేదు. (అదొక్కటే నాకు నచ్చలేదు.)

గణితజ్ఞులకు మాత్రం పండగే. సి.డి.ఎ. ఎవాన్స్, జోయెల్ డేవిడ్ హామ్కిన్స్ 2014లో ఇలాంటి ఆట మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. కొన్ని స్థితుల్లో తెల్లవాడి గెలుపు ఖాయం, కానీ ఎన్ని ఎత్తుల్లోనో చెప్పలేం. ముందు నల్లవాడు ఆడాలి, తన పావును ఎంత దూరం పంపితే ఓటమి అంత ఆలస్యం. పది గళ్ళా, కోటి గళ్ళా, అతని ఇష్టం. ఆ ఎత్తు పడ్డాకే లెక్క తేలుతుంది. అలాంటి స్థితి విలువను ఒమేగా అంటారు, అంటే 1, 2, 3... ఇలా లెక్కపెట్టే సంఖ్యలన్నీ దాటాక వచ్చే మొదటి సంఖ్య. వాళ్ళిద్దరూ ఒమేగా ఘనం విలువున్న స్థితిని కూడా పేర్చి చూపించారు.