రక్తపోటు మందులు – గుణదోషాలు

మన హృదయం విశ్రాంతి సమయంలో నిమిషానికి సుమారు 70 సార్లు స్పందిస్తూ, దాదాపు అయిదు లీటర్ల రక్తాన్ని దేహమంతటికీ పంపుతుంది. ఆ రక్తం ధమనుల గోడలపై కలిగించే ఒత్తిడినే రక్తపోటు అంటారు. హృదయం సంకోచించినప్పుడు 120, వ్యాకోచించినప్పుడు 80 పాదరస మిల్లీమీటర్లు ఉండడం ఆరోగ్య లక్షణం. వైద్యుని వద్ద వేర్వేరు రోజులలో కొలిచినా 140/90 లేదా అంతకు మించి ఉంటే దానిని అధిక రక్తపోటుగా పరిగణిస్తారు.

ఈ వ్యాధి చాలామందిలో ఏ బాధా కలిగించదు. అయినా ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేస్తే మెదడు, గుండె, మూత్రపిండాలు, కళ్లు దెబ్బతింటాయి. బాధ లేని వ్యాధికి మందు వాడడం, ఆ మందు వల్ల కొత్త బాధ కలగడం సామాన్యునికి మింగుడుపడని విషయం. అందువల్లనే మధ్యలో మాత్రలు మానివేసేవారు ఎందరో కనిపిస్తారు. నిజానికి ఈ మందులు చేసే మేలు, కలిగించే కీడు తరచుగా ఒకే చర్య నుండి పుడతాయి.

ఇందుకు మన దేశపు సర్పగంధ మొక్క చక్కని ఉదాహరణ. దాని వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరు నుండి రిసర్పిన్‌ను వేరుచేశారు. నాడుల చివరలలో నిలువ ఉండే కొన్ని రసాయనాలను ఇది హరిస్తుంది. దానితో రక్తనాళాలు సడలి, పోటు తగ్గుతుంది. కాని మెదడులోనూ అదే చర్య జరగడం వల్ల మందకొడితనం కలుగుతుంది. కొందరిలో మానసిక కుంగుబాటు కూడా కనిపించింది. అంతకంటె మేలైన మందులు రావడంతో దీని వాడకం క్షీణించింది.

రక్తపోటు ముఖ్యంగా మూడు అంశాలపై ఆధారపడుతుంది: రక్త పరిమాణం, గుండె వేగబలాలు, నాళాల వైశాల్యం. నేటి మందులు వీటిలో ఏదో ఒకదానిని మారుస్తాయి.

హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి మూత్రవర్ధకాలు ఉప్పును, నీటిని మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. ఉప్పుతోపాటు పొటాషియం కూడా పోవడం వల్ల కండరాలు నీరసిస్తాయి. అది మరీ తగ్గితే గుండె లయ తప్పవచ్చు. అటెనలాల్, మెటోప్రొలాల్ వంటివి అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకొని గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ఈ కోవకు చెందిన ప్రొప్రనొలాల్‌ను 1960వ దశకంలో రూపొందించిన జేమ్స్ బ్లాక్ 1988లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. వీటివల్ల అలసట, నాడి మందగించడం సంభవించవచ్చు. ఊపిరితిత్తులలోనూ అడ్రినలిన్‌కు స్పందించే స్థానాలున్నందున ఉబ్బసరోగులకు ఇవి ప్రమాదకరం కావచ్చు. వీటిని హఠాత్తుగా మానితే గుండెనొప్పి, గుండెపోటు కూడా రావచ్చు.

అమ్లోడిపిన్ నాళాల కండరాలలోకి కాల్షియం ప్రవేశించకుండా ఆపి, వాటిని సడలిస్తుంది. చిన్న ధమనులు విప్పారినంతగా సిరలు విప్పారవు. అందువల్ల సూక్ష్మనాళాల నుండి ద్రవం బయటికి ఊరి, చీలమండలు వాస్తాయి.

మరొక మందుకు సర్పవిషమే మూలం. 1960వ దశకంలో బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా, జరరాకా అనే పాము విషంలో బ్రాడికైనిన్ ప్రభావాన్ని పెంచే పదార్థాలను గుర్తించారు. ఆ పరిశోధన ఆధారంగా తయారైన కాప్టోప్రిల్‌కు 1981లో అమెరికాలో అనుమతి లభించింది. మన శరీరంలో ఒక ఎంజైమ్ రెండు పనులు చేస్తుంది. నాళాలను బిగించే యాంజియోటెన్సిన్‌ను తయారుచేస్తుంది. నాళాలను సడలించే బ్రాడికైనిన్‌ను నశింపజేస్తుంది. కాప్టోప్రిల్, ఎనలాప్రిల్, రామిప్రిల్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకొంటాయి. పోటు తగ్గుతుంది గాని, బ్రాడికైనిన్ పేరుకొని కొందరికి విడువని పొడిదగ్గు వస్తుంది. తరువాత వచ్చిన లోసార్టాన్, టెల్మిసార్టాన్‌లు ఆ ఎంజైమ్ జోలికి పోక, యాంజియోటెన్సిన్ పనిచేసే చోటనే దానిని అడ్డగిస్తాయి. కనుక వీటితో దగ్గు అరుదు. అయితే ఈ రెండు తరగతుల మందులూ రక్తంలో పొటాషియంను పెంచగలవు. గర్భిణులు వీటిని వాడరాదు.

దీనిని బట్టి ఒక సంగతి స్పష్టమవుతుంది. కాళ్ల వాపో, పొడిదగ్గో కనిపించిన రోగి మందు మానివేస్తే పోటు మళ్లీ పెరుగుతుంది. వైద్యునికి చెబితే మోతాదు తగ్గించడానికో, మందు మార్చడానికో వీలు కలుగుతుంది. ముఖం, పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి చేరాలి. పొరుగువారికి పనిచేసిన మాత్ర మనకూ పనిచేస్తుందనుకోవడం, వైద్యుని అడుగకుండా నొప్పి మాత్రలు మింగడం ప్రమాదకరం. కొన్ని నొప్పి మాత్రలు రక్తపోటును పెంచుతాయి.

మందుతోపాటు మితాహారం, వ్యాయామం అవసరం. పెద్దలు రోజుకు అయిదు గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు మన భోజనంలో ఆ హద్దును సులభంగా దాటిస్తాయి. ఇంట్లో పెద్దలు వాడే మాత్రల పేర్లను, వాటివల్ల కలిగిన ఇబ్బందులను ఒక కాగితంపై రాసి వైద్యునికి చూపడం చదువుకొన్న ప్రతి విద్యార్థి చేయగల సేవ. మందును గుడ్డిగా నమ్మడం, గుడ్డిగా భయపడడం రెండూ అనర్థదాయకాలే. అది చేసే పనిని తెలుసుకొని వాడినవారికి మేలు దక్కుతుంది.