శంషాబాదు నుంచి జిద్దాకు ఎన్ని గంటలు?

ఉమ్రా టిక్కెట్టు చేతికి రాగానే ఇంట్లో అందరూ దానిమీద ఉన్న టైము చూస్తారు. రాత్రి 10 గంటలకు శంషాబాదులో బయల్దేరి 1.30కి జిద్దా చేరుతుందని ఉంటే, మూడున్నర గంటలే కదా అనుకుంటారు. అది సరికాదు. బయల్దేరే టైము మన గడియారానిది, చేరే టైము జిద్దా గడియారానిది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. అది కలిపితే ఆరు గంటలు.

తిరుగు టిక్కెట్టులో ఏడున్నర గంటలు కనిపిస్తాయి. అందులోంచి రెండున్నర తీసేస్తే ఐదే. వచ్చేటప్పుడే త్వరగా వస్తామన్నమాట. ఆకాశంలో బాగా ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ జోరుగా. పోయేటప్పుడు అది ఎదురుగాలి.

రెండు విమానాశ్రయాల మధ్య తిన్నని దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. 1995 వరకు బొంబాయి నుంచి హజ్ ఓడలు నడిచేవి. ఆ ప్రయాణానికి రోజులు పట్టేవి.

ఇక ఇంటి నుంచి లెక్క వేయండి. వర్ని నుంచి శంషాబాదు సుమారు 200 కిలోమీటర్లు. దారిలో చాయ్, నమాజు కలిపి ఐదు గంటలు అనుకోండి. విమానాశ్రయంలో మూడు గంటల ముందు ఉండాలి. అంటే రాత్రి 10 గంటల విమానానికి మధ్యాహ్నం 2 గంటలకే గడప దాటాలి. హనఫీ ఉలమాల లెక్కలో 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణానికి బయల్దేరినవారు ముసాఫిర్. కనుక వర్ని పొలిమేర దాటగానే ఖసర్ నమాజు మొదలవుతుంది, విమానం ఎక్కేదాకా ఆగనక్కర్లేదు.

ఇహ్రాం విషయంలో ఈ లెక్క తప్పితే దమ్, అంటే ఖుర్బానీ, మీద పడుతుంది. దిగడానికి సుమారు అరగంట ముందే విమానం మీఖాత్ దాటుతుంది. మూడున్నర గంటలని నమ్మి గాభరా పడేవారు కొందరు, అలసి నిద్రపోయేవారు కొందరు. ఇహ్రాం బట్టలు శంషాబాదులోనే కట్టుకోండి. చేతిగడియారాన్ని మన టైము మీదే ఉంచండి. విమానం లేచిన నాలుగున్నర గంటల నుంచి మెలకువగా ఉండి, ప్రకటన రాగానే నియ్యత్ చేసి తల్బియా చదవండి.

రమజానులో పగటి విమానం అయితే మరో చిక్కు. విమానం సూర్యుడి వెంట పడమటికి పోతుంది, కనుక పగలు సాగుతుంది. మార్చిలో వర్నిలో ఆరున్నరకు ఇఫ్తార్ చేసేవారు, అదే రోజు జిద్దాకు పోతుంటే, మన గడియారంలో దాదాపు రాత్రి 9 దాకా ఆగాలి. కిటికీలోంచి సూర్యుడు కనిపిస్తుండగా, ఇంటి దగ్గర ఇఫ్తార్ అయిపోయిందని ఖర్జూరం నోట్లో వేసుకోకూడదు. షుగరు ఉన్నవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు, డాక్టరును ముందే అడగాలి.

ప్రయాణంలో రోజా వదిలి తర్వాత ఖజా చేసుకునే అనుమతి ఉంది. కాని హనఫీ మస్లక్‌లో, సహరీ వేళ ముగిసేసరికి ఊళ్లోనే ఉన్నవారు ఆ రోజు రోజా ఉండాల్సిందే. తెల్లవారకముందే వర్ని దాటినవారికే ఆ అనుమతి.