ఫిజీలో ఆదివారం, మారిషస్‌లో ఇంకా శనివారమే

డబ్బు సంగతి పక్కన పెట్టి దూరదేశం ఏదైనా చూసి రమ్మంటే ఎక్కడికి వెళ్తారు? మా బెంచీలో ఈ మాట వస్తే ఒకరు పారిస్ అన్నారు, ఒకరు స్విట్జర్లాండ్ అన్నారు. నేను మాత్రం మారిషస్, ఫిజీల మధ్య తేల్చుకోలేకపోయాను. రెండూ భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న దీవులే. రెండుచోట్లా చెరకు తోటలు, పగడపు దిబ్బలు. రెండుచోట్లకీ మనవాళ్ళు కూలికి ఓడెక్కి పోయారు. కానీ గడియారం దగ్గర మాత్రం రెండిటికీ ఎనిమిది గంటల తేడా.

భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. మన టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకి దగ్గరగా పోతుంది. మారిషస్ మనకి పడమర, 57 డిగ్రీలు దాటి ఉంది. అక్కడి టైము మనకంటే గంటన్నర వెనక. ఫిజీ బాగా తూర్పున, 178 డిగ్రీల దగ్గర. అక్కడ ఆరున్నర గంటలు ముందు. మనకి శనివారం రాత్రి ఏడున్నర అయినప్పుడు మారిషస్‌లో సాయంత్రం ఆరు. ఫిజీలో అప్పటికే ఆదివారం, తెల్లవారుజామున రెండు.

ఇంకో తమాషా ఉంది. 180 డిగ్రీల రేఖ ఫిజీలోని తవెయుని దీవి మీదుగానే పోతుంది. తేదీ మారే గీతని అలాగే నిటారుగా గీస్తే ఒకే దీవిలో ఈ వీధిలో శనివారం, ఆ వీధిలో ఆదివారం అవుతుంది. అందుకే ఆ గీతని దేశం మొత్తం ఒకే రోజులో ఉండేలా తూర్పుకి వంచారు.

మారిషస్ వెళ్తే ఒంటికి తేడా పెద్దగా తెలీదు. ఫిజీ వెళ్తే తెలుస్తుంది. మన ఒంట్లో ఉన్న గడియారం రోజుకి 24 గంటల కంటే కాస్త ఎక్కువ తీసుకుంటుంది. అందుకని ఆలస్యంగా పడుకోవడం సులువు, పెందలాడే పడుకోవడం కష్టం (పరీక్షల ముందు ఇది అందరం చూసిందే). తూర్పుకి పోయినవాళ్ళు పెందలాడే నిద్రపోవాలి. ఫిజీలో రాత్రి పదింటికి పక్క వేసుకుంటే ఒళ్ళు మాత్రం మధ్యాహ్నం మూడున్నర అంటుంది.

చూడ్డానికి మారిషస్ చిన్నది. రంగురంగుల మట్టి ఉన్న షమరెల్, పారిపోయిన బానిసలు దాక్కున్న ల మోర్న్ కొండ, కూలీలు దిగిన పోర్ట్ లూయీ రేవు మెట్లు, అన్నీ నాలుగైదు రోజుల్లో అయిపోతాయి. ఫిజీలో దీవులే మూడు వందలకి పైన. పడవలు ఎక్కాలి, దిగాలి, ఖర్చూ ఎక్కువే. రెండిటికీ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం, కాబట్టి మన వేసవి సెలవులు దాటాక జూన్, జూలైల్లో వెళ్తే హాయి.

తెలుగు కోసమైతే మారిషస్సే. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. ఇళ్ళలో క్రియోల్ మాట్లాడినా బడుల్లో తెలుగు చెప్తారు, ఉగాదికి దేశమంతా సెలవు. ఫిజీలో అలా కాదు. 1903 నుంచి మన మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళు, తెలుగువాళ్ళయినా తమిళులైనా, అక్కడ మదరాసీలే. 1941లో తెలుగువాళ్ళు విడిగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. అయినా ఇళ్ళలో చివరికి నిలిచింది ఫిజీ హిందీ.

ఇంత చెప్పీ నేను ముందు ఫిజీకే వెళ్తాను. మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది తమిళం. ఆ ఓడలో మా ఇల్లు కూడా ఉండి ఉంటే నేనిప్పుడు ఈ గోడ మీద ఏ భాషలో రాసేదాన్నో. నాడి అని రాసి నాండి అని పలికే ఊళ్ళో రంగుల గోపురంతో సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది. అక్కడ ఎవరైనా ముసలావిడ కనిపిస్తే, మీ నాయనమ్మ ఏ భాషలో తిట్టేది అని అడగాలని ఉంది.

దిగిన రాత్రి ఫోన్ చేస్తాను. మీకప్పుడు మధ్యాహ్నం క్లాసు. ఎత్తకపోయినా ఏమీ అనుకోను.