డీజిలు బండికి వైద్యము



ముప్పదియైదేండ్లు పిల్లలచేత శబ్దములు, సంధులు, సమాసములు వల్లెవేయించిన నాకు యంత్రములతోడి పరిచయము మిక్కిలి స్వల్పము. అట్టివాడు డీజిలు బండి మరమ్మతును గూర్చి చెప్పబూనుట వింతయే. కాని నిరుటి కార్తికమాసమున మాకు జరిగినది విన్నచో, బండ్లు గల గృహస్థులకు కొంత యుపయోగపడునని తోచి చెప్పుచున్నాను.

మా బావగారికి డెబ్బదినాలుగేండ్లు. కాశీయాత్ర చేయవలెనని వారి చిరకాలపు కోరిక. మోకాళ్ల నొప్పిచే రైలుపెట్టె మెట్లెక్కజాలరు. అందుచేత నా మేనల్లుడు డీజిలు వానొకటి కొని, రవాణాశాఖవారి యనుమతి పొంది, అందులో రెండు పడకలు, నీళ్లతొట్టి, చిన్న పొయ్యి అమర్పించెను. ప్రయాణము పదిదినములున్నదనగా, డ్రైవరు ఎదుటి పలకపై పసుపుపచ్చని దీపమొకటి వెలిగినది. బండికి జవము తగ్గి, మా చెరువుకట్ట యెక్కుటకే రొప్పసాగినది.

పట్టణములో ఆ బండ్ల నమ్ము కంపెనీవారి మరమ్మతుశాలకు తోలుకొనిపోతిమి. బల్లకడ నున్న చిన్నవాడు "పికప్పు లేదు" అని రెండుమాటలు వ్రాసికొనెను. బండికి కంప్యూటరు తగిలించి చూచి, పొగగొట్టములోని ఫిల్టరు పూడిపోయినదనియు, క్రొత్తది వేయవలెననియు, లక్షా యిరువదివేల రూపాయలగుననియు చెప్పెను. మేనల్లుని మొగము వాడిపోయెను. యాత్రకై కూడబెట్టిన ధనమంతయు కలిపినను అంతకు మించదు. బావగారు మాత్రము "కాశి యెక్కడికి పోవును బావా! పైయేడు చూతములే" అనిరి. ఆ వయస్సున పైయేడనుమాట వినుటకు నాకు కష్టమైనది.

మన వైద్యులు రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నములను మూడు విధముల పరీక్షింతురు. ఇక్కడ దర్శనము కంప్యూటరు చేసినది. ప్రశ్నము మాత్రమెవరును చేయలేదు. నేను వినయముతోనే, లోపల పనిచేయు పెద్దమేస్త్రిని ఒకసారి పిలిపింపుడని కోరితిని. ఆయన వచ్చి చేతులు తుడుచుకొనుచు, "అయ్యా, ఈ బండి దినమునకెంత దూరము తిరుగుచున్నది?" అని యడిగెను. రోగమంతయు ఆ ప్రశ్నలోనే యున్నది. ఎనిమిది నెలలుగా మా బండి పిల్లల బడికిని, పాలకేంద్రమునకును తప్ప మరెక్కడికిని పోలేదు. పోయిరాను ఆరు కిలోమీటర్లు.

ఇందలి కారణమును ఆయన చెప్పగా నేను గ్రహించినంతవరకు వివరించెదను. పెట్రోలు యంత్రములో ఇంధనము నంటించుటకు నిప్పురవ్వ కావలెను. డీజిలు యంత్రమున కక్కరలేదు. సైకిలుకు గాలి కొట్టునప్పుడు పంపు వేడెక్కుట మీరెరుగుదురు గదా. అట్లే గాలిని గట్టిగా అదిమినచో అది కాలిన పెనమును మించి వేడెక్కును. అందులోనికి చిమ్మిన నూనె తనంతట తానే మండును. 1858లో పారిసునందు జన్మించిన రుడాల్ఫ్ డీజెల్ అను జర్మను విద్వాంసుడు 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున ఇట్టి యంత్రమును నడపి చూపెను. 1900 నాటి పారిసు ప్రదర్శనమున ఇట్టి యంత్రమొకటి మన వేరుసెనగ నూనె వంటి నూనెతో నడచినదట!

ఈ మంటవలన మసి పుట్టును. 2020 ఏప్రిలు 1 నుండి మనదేశమున అమలైన బి.ఎస్. 6 నియమముల ననుసరించి, ఆ మసి గాలిలో కలియకుండ పట్టుటకు పొగగొట్టములో సన్నని రంధ్రములు గల ఫిల్టరు నమర్చుచున్నారు. మసి నిండినపుడు బండి కొంచెము డీజిలెక్కువగా వాడి, ఫిల్టరును ఇంచుమించు ఆరువందల డిగ్రీలకు వేడెక్కించి దానిని కాల్చివేయును. ఇందుకు బండి కొంతసేపు ఎడతెగక పరుగిడవలెను. మేము మూడు కిలోమీటర్లకే ఆపివేయుచుంటిమి. సగము కాలిన యన్నము పొయ్యిమీదినుండి దింపినట్లు, ప్రతిదినము ఆ పని సగములో ఆగుచుండెను.

మేస్త్రి ఆయిలు కొలచు పుల్లను తీసి చూపెను. ఆయిలు తరుగుటకు మారుగా పెరిగినది. డీజిలు వాసన కొట్టుచున్నది. కాలక మిగిలిన డీజిలు దానిలో దిగినదట. పలుచనైన ఆయిలు యంత్రమును అరుగదీయును. కావున ఆయిలు పెరిగినదని సంతోషింపరాదు.

ఆయన బండిని ఎండుగడ్డి, చెత్త లేని ఆరుబయట నిలిపి, కంప్యూటరుచే ఆజ్ఞ యిచ్చి, నలువది నిమిషములపాటు మసిని కాల్పించెను. పిదప ఆయిలును, దాని ఫిల్టరును మార్చి, పెద్దబాటపై తోలి చూచెను. దీపమారినది. బిల్లు తొమ్మిదివేల చిల్లర. మసి హద్దు మీరినచో ఇట్లు కాల్చుట అపాయమనియు, అప్పుడు విప్పి శుభ్రపరచుటయో, మార్చుటయో తప్పదనియు ఆయనయే చెప్పెను. ఆయిలునుండి పుట్టిన బూడిద మాత్రము ఎంత కాల్చినను పోదు. కాబట్టి బూడిద తక్కువగా నిచ్చు ఆయిలునే పోయవలెను. చిన్నవాడు మోసగించెనని నేననను. యంత్రము చెప్పినదే ఆతడు చెప్పెను.

మీరును బండి నప్పగించునపుడు జాబుకార్డుపై రోగలక్షణమును, అది యెప్పుడు మొదలైనదియు, బండి యెట్లు తిరుగుచున్నదియు మీ మాటలలోనే వ్రాయింపుడు. ఖర్చు అంచనాను కాగితముపై తీసికొనుడు. అదనపు పని చేయవలసివచ్చినచో ముందు మిమ్మడుగవలెనని చెప్పుడు. తీసివేసిన పాతభాగములను చూపుమనుడు. పడకలబండి యైనచో గ్యాసుబండను ఇంటనే దింపి వెళ్లుడు. పైకప్పు ఎత్తు ముందే చెప్పుడు. పొయ్యికి, నీళ్లతొట్టికి, రెండవ బ్యాటరీకి పూచీ వానిని బిగించినవారిది. యంత్రమునకు పూచీ కంపెనీవారిది. రెండవ బ్యాటరీ తీగ లెక్కడ కలిపినదియు ఆ బిగించినవానిచే వ్రాయించి దగ్గర నుంచుకొనుట మంచిది. లేనిచో ఒకరు రెండవవారిని చూపుదురు.

ఇంకొకమాట. కొన్ని డీజిలు బండ్లలో పొగను శుద్ధిచేయుటకు యూరియా కలిపిన ద్రవమును వేరు తొట్టిలో పోయుదురు. నూటికి ముప్పదిరెండున్నర పాళ్లు యూరియా, తక్కినది శుద్ధజలము. యూరియా యనగానే మన పొలపు సంచి విప్పి నీళ్లలో కలుపుదమని మా పాలేరు ఉత్సాహపడెను. అందలి మలినములు ఆ పరికరమును పాడుచేయును. పొరపాటున ఆ ద్రవము డీజిలు తొట్టిలో పడినచో బండిని కదపక, తాళము సైతము త్రిప్పక, మేస్త్రికి కబురంపుడు.

మేము అనుకొన్న దినముననే బయలుదేరి, నాగపురము, జబల్పూరు మీదుగా కాశి చేరితిమి. త్రోవపొడవునను బావగారు ప్రాతఃకాలమున సంధ్యావందనమైన వెంటనే మేనల్లుని ప్రక్కకు వంగి, "ఆ పచ్చదీపమేమైన వెలిగినదా?" యని అడుగుచుండిరి.